నాగపట్నం నుంచి వచ్చిన కార్డు

ఇది చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. లకారానికీ ళకారానికీ నాతో ఇంకా తగాదానే. వత్తు పెట్టాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట పెడతాను. ఒక్క పేజీ నిండడానికి నాకు రెండు రోజులు పడుతుంది. యాభై ఎనిమిదో ఏట పలక పట్టుకున్నదాన్ని మరి. మా పంతులమ్మ కమలాక్షి అక్షరాలు దిద్దిపెడతానంది. దిద్దు గానీ మాటలు మార్చవద్దమ్మా అని చెప్పాను. కాబట్టి అక్షరం తప్పు కనిపిస్తే అది ఆమె కంట పడనిది. మాట మోటుగా ఉంటే అది నాది.

నేను చెప్పేది ఒక వానకాలం సంగతి. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన సంవత్సరం అది.

అప్పుడు మేము తమిళ దేశంలో, గుడియాత్తంలో ఉండేవాళ్ళం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన రాఘవులు, ఇంకోదాని మీద మా పెద్దవాడు నటేశన్ కైలీ లుంగీలు నేసేవాళ్ళు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. చిన్నది కోకిలకు ఎనిమిదేళ్ళు. మా ఆయనకు మగ్గం కడుపు కోసం, క్లారినెట్టు ప్రాణం కోసం. వేలూరు పక్కన తొరపాడిలో అంజప్ప అని పటాలం బ్యాండులో చేసి వచ్చిన ఆయన మా ఊరివాళ్ళను కూర్చి, మా ఊరి పేరుతోనే ఒక బ్యాండు మేళం నడిపేవాడు. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ ఈయన పోయి అందులో క్లారినెట్టు వాయించేవాడు. నటేశన్‌కు ఇరవై ఏళ్ళు. వాడు అందులోనే చిన్న డ్రమ్ము వాయించేవాడు. తండ్రి పాట ఎత్తుకుంటే కొడుకు కర్రలు వెంట పరుగెత్తేవి. వీధిలో వాళ్ళు వస్తుంటే చూసి నేను గర్వపడిన మాట నిజం.

ఆ ఏడు ఆవణి నెలలో, అంటే శ్రావణ భాద్రపదాల్లో, మలయా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నెలల పేర్లూ మాకు తమిళమే. కనియంబాడి దగ్గర పల్లె నుంచి ఎప్పుడో అక్కడికి పోయి కాంట్రాక్టరుగా నిలదొక్కుకున్న సుందరం అనే ఆయన రాశాడు. అక్కడి తెలుగు సంఘం మన బ్యాండును పిలుస్తోంది. నాగపట్నంలో ఓడెక్కి పినాంగులో దిగాలి. అక్కడి నుంచి ఈపో, కోలాలంపూరు, సింగపూరు. నాలుగు నెలల తిరుగుడు. మధ్యలో మురుగన్ తైపూసం పండుగ. కోరింది ఒకటే. పెద్ద డ్రమ్ము మీద బ్యాండు పేరు తెలుగు అక్షరాల్లో ఉండాలి.

అంజప్ప ఆ ఉత్తరం పట్టుకుని బస్సులో మా ఇంటికి వచ్చాడు. మా తిన్నె మీద కూర్చుని తొడలు చరుచుకుంటూ నవ్వాడు. "పద్నాలుగు మందిమి ఉండాం రాఘవులూ. పద్నాలుగు మందిమీ తెలుగోళ్ళమే. తెలుగులో ఒక అక్షరం రాసేవాడు ఒకడుంటే చూపించప్పా!"

ఎవరూ లేరు. మాది మాటల తెలుగు. బడిలో నేర్చింది తమిళం. జాబులు కూడా తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసుకునేవాళ్ళం, నాకైతే ఆ అక్షరాలూ రావు, ఎవరైనా చదివిపెట్టాలి. అందరూ అంతే, అందులో వింతేమీ ఉన్నట్టు మాకు తోచేది కాదు.

బజారులో శెట్టిగారి భార్య వాసవాంబ నెల్లూరు వైపు పిల్ల. ఆమెకు తెలుగు చదువు వచ్చు. మధ్యాహ్నాలు పురాణం పైకి చదువుకునేది. నేను పోయి అడిగితే ఒక కాగితం మీద పెద్దగా రాసిచ్చింది. "శ్రీ కౌండిన్యా బ్యాండు, గుడియాత్తం." దాన్ని చూసి డ్రమ్ము మీద రంగుతో దించాలి. దించగలవాడు మా నటేశనే. వాడి చేతిరాత ముత్యాలకోవ. బజారులో సగం అంగళ్ళ బోర్డులు వాడు రాసినవే, తమిళంలో.

కానీ ఆ నెలలో ఊరు ఊరుగా లేదు. ఎల్ల ఎక్కడ గీస్తారు, తిరుత్తణి ఎవరిది, చిత్తూరు ఎవరిది అని ఎక్కడ చూసినా మీటింగులే. నటేశన్ తన స్నేహితులతో తమిళ మీటింగులకు పోతుండేవాడు. వాళ్ళు వాణ్ణి ఏడిపించేవాళ్ళు. ఎన్నడా నటేశా, మీ నాయన మూటముల్లె కట్టుకుని ఆంధ్రాకు పోతాడంటనే, నువ్వు ఎటు పక్క అని. వాడు నవ్వి ఊరుకునేవాడు. లోపల ఎంత కోసుకుపోయేదో నాకు తెలియలేదు.

దసరా ముందు, పురటాసి నెల ముగిసే రోజుల్లో ఒక పొద్దున అంజప్ప డ్రమ్మును బస్సు మీద వేసుకుని తెచ్చాడు. తిన్నె మీద పెట్టి, రంగు డబ్బా మూత తీసి, కాగితం నటేశన్ చేతికిచ్చాడు.

వాడు కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మామా, దీంట్లో తల ఏది, కాలు ఏది?"

"ముగ్గు మాదిరి చూసి దించేయప్పా. చదవాలని యాడ రాసుండాది?"

"చదవను రాని అక్షరం నేను రాయను మామా."

మా ఆయన మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చాడు. "ఏందిరా అంటా ఉండావు? మీ యమ్మ మాట్లాడే మాటకు అక్షరంరా అది."

"నీకొచ్చునా నాయనా? నీకూ రాదు, నాకూ రాదు, మామకూ రాదు. డ్రమ్ము మీద ఏమి రాసుండాదో తెలీకుండా దేశం దేశం మోసుకొని తిరగతారా? తమిళంలో రాస్తా. మనూళ్ళో అందురూ చదవతారు."

"పిలిచినోళ్ళు తెలుగులో అడిగినారు."

"అట్లయితే పిలిచినోళ్ళనే వాయించుకోమను."

మా ఆయన కొట్టాడు. పిల్లలను ఎప్పుడూ కొట్టినవాడు కాదు. చెంప మీద పడిన చప్పుడుకు ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. కుంచె నటేశన్ చేతిలో నుంచి జారి డ్రమ్ము మీద పడి ఎర్రగా ఒక గీత గీసింది. వాడు కుంచె తీసి డబ్బాలో పెట్టాడు. పై పంచెతో ఆ గీతను శుభ్రంగా తుడిచాడు.

"నేను మలయాకు రాను," అన్నాడు.

"రావద్దు. ఈ పొద్దు మొదులు నీ పేరు నా నోట రాదు," అన్నాడు మా ఆయన.

అప్పటికే వేలూరులో అందరితోపాటు నటేశన్‌కూ ఫొటో తీయించి, పాసుపోర్టు తెప్పించి, సూదులు పొడిపించి ఉన్నారు. వాడి కాగితాలు, ఓడ టిక్కెట్టు అంజప్ప దగ్గరే ఉన్నాయి. అంజప్ప పోతూ పోతూ నాతో గుసగుసగా చెప్పాడు. "నాలుగు దినాలు పోతే అన్నీ సర్దుకుంటాయి పాపాతమ్మా. టిక్కెట్టు నా కాడనే ఉంటాది. ఎవురికీ ఇయ్యను."

డ్రమ్ము మీద పేరు చివరికి వాసవాంబే రాసింది. మగవాళ్ళ ముందు కూర్చోనని చెప్పి తన వెనక వసారాలోకి తెప్పించుకుంది. కొంగు నడుముకు దోపుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాసింది. "మా ఆయన చూస్తే, బ్యాండులో చేరిపోతావా ఏమే అంటారు," అని తనే నవ్వింది.

నాలుగు రోజులు కాదు, మూడు వారాలు గడిచాయి. సర్దుకోలేదు. రెండు మగ్గాలూ పక్కపక్కనే. మధ్య మూడడుగులు. తండ్రి నాతో అనేవాడు, "మగ్గం మీద పాగు నూలు ఎంత మిగిలిందో వాణ్ణి అడుగు." కొడుకు నాతో అనేవాడు, "రెండు గజాలు అని చెప్పమ్మా." ఇద్దరికీ వినపడుతూనే ఉండేది. అయినా నేను ఆ మాట ఈ చెవి నుంచి ఆ చెవికి మోయాల్సిందే. కోకిలకు అది ఆట. తానూ మధ్యలో దూరి, "నాయన దగ్గినాడని వానికి చెప్పు," అనేది. అప్పుడు ఇద్దరి పెదవులూ కదిలేవి. నవ్వు బయటపడకుండా ఇద్దరూ ఒకే విధంగా తల తిప్పుకునేవాళ్ళు.

దీపావళి అయిన నాలుగో రోజు బ్యాండు బయలుదేరింది. స్టేషనుకు వీధి వీధంతా వచ్చింది. తెల్ల చొక్కాలు, భుజాల మీద బంగారు అంచు కుచ్చులు. నటేశన్ రాలేదు. రైలు కదిలే దాకా మా ఆయన తలకాయ కిటికీలో నుంచి బయటే ఉంది. కళ్ళు నా మీద లేవు. నా వెనక గేటు వైపు ఉన్నాయి. నేను ఇంటికి వచ్చేసరికి నటేశన్ మగ్గం ఆడుతూనే ఉంది.

"ఎక్కినాడా?" అన్నాడు.

"ఎక్కినాడు."

"క్లారినెట్టు పెట్టెకు తాడు కట్టినాడా? ఆ గొళ్ళెం పట్టదు."

"నువ్వే వచ్చి కట్టుండొచ్చు గదరా."

వాడు కండె ఉన్న నాడెను ఇంకా గట్టిగా అటూ ఇటూ కొట్టాడు.

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. నాగపట్నంలో ఓడ ఆలస్యమని, డాక్టరు చూసేది ఉందని, అందరినీ ఒక కొట్టంలో పెట్టారని ఊళ్ళో చెప్పుకున్నారు. తాళాలు వాయించే చిన్నరాజు చెల్లెలి పెళ్ళి కోసం వెనక ఆగాడు. వాడు బుధవారం మధ్యాహ్నం రైలుకు పోవాలి. ఆ బుధవారమే, పొద్దు నడినెత్తికి వచ్చే వేళ, పోస్టుమాను గోనెపట్ట కప్పుకుని వచ్చి కార్డు ఇచ్చాడు.

నేను దాన్ని కొంగుతో ఒత్తి నటేశన్‌కు ఇచ్చాను. వాడు మగ్గం గుంటలోనే కూర్చుని చదివాడు.

"పాపాతికి రాఘవులు రాసేది. ఈడ అందరూ సుఖం. ఒకటే వాన. ఓడ శుక్రవారం పోతుంది. చిన్నరాజు వచ్చేటప్పుడు..."

ఆగాడు. కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ చదివాడు.

"...వచ్చేటప్పుడు గొడుగును పంపించు. మరిచిపోవద్దు. మగ్గాలు తడవకుండా చూసుకో. కోకిలకు ముద్దులు."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేమీ లేదా? బాగా చూడరా. మూల యాడన్నా?"

"లేదమ్మా. గొడుగు కావాలంట. వానలో క్లారినెట్టు తడస్తాది గదా." కార్డు నా చేతిలో పెట్టేశాడు. "కొట్టినోడు గొడుగు అడగతా ఉండాడు. నన్ను గురించి యాడ రాస్తాడు."

ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు, బెత్తపు పిడిది. దాని మూడో కమ్మి దగ్గర గుడ్డ ఊడిపోయింది. దాన్నట్లే చిన్నరాజుకు ఇస్తానంటే నటేశన్ నా చేతిలో నుంచి లాక్కున్నాడు. మగ్గం వదిలి తిన్నె మీద కూర్చుని, నల్ల నూలు ఎక్కించి, కమ్మి కమ్మికీ కుట్టు వేశాడు. వాన ధారగా పడుతున్నది. వాడు తల ఎత్తలేదు. చిన్నరాజు రైలు తప్పిపోతుందని గోల పెడుతున్నా ముడి గట్టిగా పడిందాకా ఇవ్వలేదు.

"ఇంత నగిషీ ఎందుకప్పా, మీ నాయన పెండ్లికొడుకా?" అన్నాడు చిన్నరాజు.

"మూడో కమ్మి జాగర్తగా ఇప్పమని చెప్పు," అన్నాడు నటేశన్. చిన్నరాజు మెట్టు దిగుతుంటే, "నేను చెప్పినానని చెప్పొద్దు," అన్నాడు.

మలయా నుంచి మార్గళి నెలలో, ధనుర్మాసంలో, ఒకే ఒక ఉత్తరం వచ్చింది. దాన్నీ నటేశనే చదివాడు. పినాంగులో దిగగానే రేవు నుంచి గుడి దాకా వాయించారట. అక్కడ అడవుల్లో తిరుగుబాటు నడుస్తోందట. లారీలో పోతుంటే దారిలో పది చోట్ల పోలీసులు ఆపి, డ్రమ్ము లోపల తుపాకులు ఉన్నాయేమోనని తట్టి చూశారట. రబ్బరు తోటల్లో మన వాళ్ళు డ్రమ్ము మీద అక్షరాలు తాకి కళ్ళకు అద్దుకున్నారట. ఒక ముసలామె, నాయనా ఇది ఏమి రాసుండాది అని అడిగిందట. ఆమెకు కూడా చదవడం రాదట. చీనావాళ్ళు ఒక చావు ఊరేగింపుకు పిలిచి బ్యాండు పెట్టించుకున్నారట. మా ఆయన రాతలో నవ్వు ఉంది. నటేశన్ చదువుతూ రెండు చోట్ల తానూ నవ్వాడు. చివర దాకా చదివి, వెనక వైపు తిప్పి చూసి, మడిచి పెట్టేశాడు.

"నన్ను గురించి ఒక ముక్క లేదమ్మా," అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట అంత తిన్నగా అనలేదు.

"వచ్చినాక మాట్లాడతాడులేరా. నాలుగు నెలలే గదా," అన్నాను.

సంక్రాంతికి తై నెల పుట్టిన నాలుగో రోజు తంతి వచ్చింది. అది ఇంగ్లీషు. పోస్టుమాస్టరు బయటికి వచ్చి తమిళంలో చెప్పాడు. ఈపోలో జ్వరం. మూడు రోజులు ఆసుపత్రి. పోయాడు. దహనం అక్కడే అయిపోయింది.

ఆ తర్వాత వారం రోజుల సంగతి నేను రాయలేను. రాయడానికి అక్షరాలు చాలక కాదు. విరించిపురంలో పాలారు ఒడ్డున, దేహం లేని కర్మ నటేశన్ చేత చేయించారు. ఇసుకలో దర్భలతో మనిషిని చేసి, దానికి వాడు నిప్పు పెట్టాలి. పురోహితుడు తండ్రి పేరు చెప్పమన్నాడు. వాడు చెప్పాడు. వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారి చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు నాతో, "నేను నాయన పేరు మూడుసార్లు చెప్పినానమ్మా. నాయన నా పేరు ఒక్కసారన్నా చెప్పుంటాడా?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. చనిపోయినవాడు ఎలాగూ రాడు. బతికినవాడికి ఆ ఒక్కటి కావాలి. బ్యాండు తిరిగొస్తే అంజప్పను అడగాలి, ఆఖరు రోజుల్లో వాణ్ణి తలుచుకున్నాడా అని. తలుచుకోకుండా ఉండడు. ఆ జవాబు తెచ్చి నా కొడుకు చేతిలో పెట్టాలి. మాసి నెల, శివరాత్రి రోజుల దాకా నేను దానికోసమే అన్నం తిన్నాను.

అంజప్ప వచ్చాడని తెలిసి కోకిలను వెంటబెట్టుకుని తొరపాడికి పోయాను. నటేశన్ రానన్నాడు. ఆ డ్రమ్ము ముఖం చూడలేనన్నాడు. కానీ నేను వీధి మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడి ఉన్నాడు.

అంజప్ప చిక్కిపోయి ఉన్నాడు. ఆయన భార్య రాజాంబాళ్ నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత కోకిలకు మురుకులు ఇస్తానని లోపలికి తీసుకుపోయింది. అంజప్ప క్లారినెట్టు పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. ఒళ్ళు కాలుతున్నా ఈపోలో రెండు ఊరేగింపులు వాయించాడని చెప్పాడు. రెండో రోజు మధ్యలో ఊపిరి అందక ఆగిపోతే, జనం అది పాటలోని ఆపు అనుకుని చేతులు తట్టారని చెప్పాడు. నిప్పు ఎవరు పెట్టారన్నాను.

"సుందరం చిన్న కొడుకు. తెలుగు పిల్లోడే. ఎవురో ఒగరు పెట్టాల గదమ్మా." మొహం తుడుచుకున్నాడు. "నటేశును పంపుంటే ఈ రాత తప్పుండేది. కార్డు రాసినా పంపకపోతిరి."

"పంపినాం గదన్నా. చిన్నరాజు చేతికే ఇస్తిమి."

"ఏమిచ్చినారు?"

"గొడుగు. కార్డులో గొడుగు పంపమని రాసినాడు గదా."

అంజప్ప ముందుకు వంగాడు. "గొడుగు ఎవురు అడిగినారమ్మా? కొడుకును అడిగినాడు. కొడుకును పంపించు అని రాసినాడు. నేను పక్కనే ఉండా."

నాకు అర్థం కాలేదు. ఆయన నేల మీద దుమ్ములో వేలితో రాసి చూపించాడు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. కొడుకు అని రాసినా, గొడుగు అని రాసినా ఆ అక్షరాలే. చదివేవాడు మాటను బట్టి పోల్చుకోవాలి. "మన మాటకు ఈ చొక్కా సరింగా పట్టదమ్మా," అన్నాడు.

"పేరు రాసుండొచ్చు గదన్నా. నటేశన్ అని రాసుంటే..."

"నేనూ అదే చెప్పినా. పేరు రాయరా రాఘవులూ అన్నా. నోటితో అననన్నోణ్ణి చేత్తో మాత్రం రాస్తానా అన్నాడు."

ఆయన ఆపలేక చెప్పుకుపోయాడు. "గురువారం చిన్నరాజు వస్తా ఉంటే మీ ఆయన వాణ్ణి చూడలే. వాని ఎనకాల చూసినాడు. వాడు గొడుగు తెచ్చి చేతిలో పెట్టె. కొడుకును అడిగితే గొడుగు పంపినారురోయ్ అని మేమంతా పకపకా నవ్వినాం. ఆయన గూడా నవ్వినాడు. ఓడ పోయేటప్పుడు మట్టుకు నా కాడికి వచ్చి చెప్పినాడు. వానికి తెలీకుండా ఉంటాదా అంజప్పన్నా, వాడు బడి చదువు చదివినోడు, తను రానని చెప్పేదానికి గొడుగు పంపినాడు అన్నాడు. పిల్లోడు తప్పు చదివుంటాడప్పా అన్నా. వినలే."

ఈ గొడుగు మాట మేళంలో ఎవరూ నటేశన్ దగ్గర ఎత్తకూడదని ఆయన చేత ఒట్టు వేయించుకుని లేచాను. బస్సు గుడియాత్తం చేరేదాకా నాకు ఒకటే కనిపిస్తున్నది. కార్డును వెలుతురుకు పట్టి చూసిన నా కొడుకు. ఆ మాట దగ్గర ఎందుకు ఆగాడు? తడికి సిరా అలుక్కుపోయి ఆగాడా? రెండు మాటలూ కనిపించి ఆగాడా? కనిపిస్తే, చెంప మీద దెబ్బ గుర్తొచ్చి ఒకదాన్ని తీసుకున్నాడా? మరి ఆ గొడుగుకు కమ్మి కమ్మికీ కుట్టు ఎందుకు వేశాడు? తప్పుగా చదివాడనుకుంటే, తండ్రి పిలుపును తన నోటితోనే పోగొట్టుకున్నాడని వాడికి చెప్పాలి. కావాలనే మార్చి చదివాడనుకుంటే, వాడికి ముందే తెలుసు, చెప్పాల్సిందేమీ లేదు. నాయన పిలవలేదని చెప్పి ఊరుకుంటే, బతికినన్ని రోజులూ ఆ ప్రశ్న వాణ్ణి తింటుంది.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి మగ్గం ఆడుతున్నది.

"మామ ఏమి చెప్పినాడమ్మా?"

"బాగా వాయించినాడంట. జనం చేతులు తట్టినారంట."

నాడె రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "నన్ను గురించి?"

"నిన్ను పంపమని రాసినాడంటరా. నాగపట్నం నుంచి."

మగ్గం ఆగింది. "ఎప్పుడు? నేను చదివిన కార్డులో లేదే."

"అది గాదు. ఇంకోటి. మరుసటి దినం వచ్చింది. నువ్వు నూలుకు పోయుంటివి. అప్పటికే గొడుగు పంపేసినాం, మళ్ళా అదే రాసుంటాడు అనుకుంటి. నాకేమి తెలుసు. తడిసిపోయుండె. పొయ్యిలో ఏసేసినా."

వాడు నా ముఖంలోకి చూశాడు. అంత సేపు నన్ను ఎవరూ అట్లా చూడలేదు. నేను కళ్ళు దించలేదు.

"నాయన నన్ను పిలిచినాడా?" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు. "నన్ను పిలిచినాడామ్మా?"

"పిలిచినాడు."

వాడు బట్ట చుట్టుకునే మగ్గం దోనె మీద తల ఆనించాడు. వీపు కదులుతున్నది. నేను దగ్గరికి పోయి చెయ్యి వెయ్యబోతే తోసేశాడు. "రెండు అక్షరాలు నేర్చుకోనుంటే నీకేమి పోయేదమ్మా?" అన్నాడు.

మరునాడు పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు, బియ్యం కుండ వెనక దాచిన ఆ కార్డును తీసి నిప్పులో వేశాను. వాడు మళ్ళీ అడిగి తీసి చదవకూడదు. దాని మీద ఆ మాట ఎట్లా రాసి ఉందో నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

నటేశన్ ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. కావలసినవి కోకిల చేత అడిగించేవాడు. ఆషాఢంలో ఆడి వానలు పడ్డాక ఒక రోజు, "అమ్మా, కూడు పెట్టు," అన్నాడు. అంతే, మళ్ళీ మామూలే. పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. వచ్చిపోయేవాళ్ళకు ఆ సంగతి చెబుతుంటాడు. "మా నాయన నన్ను మలయాకు రమ్మని కార్డు రాసినాడు. మాయమ్మ చదవను రాక పొయ్యిలో ఏసింది," అని. మొదట్లో కోపంగా చెప్పేవాడు. ఇప్పుడు నవ్వుతూ చెబుతాడు. మనవళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. నేను అవునని తల ఊపుతాను.

కోకిలను చిత్తూరు ఇచ్చాం. దాని కాన్పులకు వచ్చి నేను ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడ ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెబుతారంటే పోయాను. మూడో రోజు కమలాక్షి పలక మీద క, ఖ, గ, ఘ అని వరసగా రాసింది. ఇవి వేరువేరా అని అడిగాను. వేరే కదమ్మా, దేని అక్షరం దానికే అంది. కొడుకు అని రాయమన్నాను. దాని కింద గొడుగు అని రాయమన్నాను. రాసింది. నేను రెండింటినీ చూస్తూ కూర్చున్నాను. ఎండకు కళ్ళు తిరిగాయనుకుని ఆమె ఆ రోజు పాఠం ఆపేసింది.

వాడు ఆ మాట దగ్గర ఎందుకు ఆగాడో నేను అడగలేదు. ఇకముందూ అడగను.

నటేశన్‌కు తెలుగు అక్షరాలు రావు. వాడి పిల్లలకూ రావు. అందుకే ఇది తెలుగులో రాశాను. గుడియాత్తం వాళ్ళెవరైనా దీన్ని చదివితే, దయచేసి వాడికి చదివి వినిపించవద్దు.

పాపాతి
అరవై నాలుగేళ్ళు
కూతురి ఇల్లు, చిత్తూరు